సూది కొత్తదే, మరి సిరంజి?

ఇంజెక్షన్ల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు జవాబులు ఇవి. పదే పదే వచ్చిన ప్రశ్న ఒకటుంది. అందుకే సిరంజి చరిత్ర గురించిన ప్రశ్నను కాస్త వెనక్కి నెట్టి ముందు దానికే చోటిచ్చాం.

ప్రశ్న: జ్వరమొచ్చి ఇంజెక్షన్ చేయించుకోవడానికి వెళ్లాను. నా ముందు మనిషికి వేసిన సిరంజి నుంచి సూది తీసేసి, కొత్త సూది బిగించి నాకు వేశారు. ఇదేంటని అడిగితే ‘సూది కొత్తదే కదండీ, ఒంట్లోకి దిగేది సూదే కదా’ అన్నారు. ఆ మాటలో తప్పుందా?

జవాబు: ఉంది, పెద్ద తప్పే ఉంది. ఒంట్లోకి దిగేది సూదే, కానీ దిగాక సూదికీ సిరంజికీ మధ్య అడ్డేమీ లేదు. సూది బోలు, సిరంజి మూతి బోలు, లోపలి మందు అంతా ఒకే ధార. ప్లంజర్ (మందును నెట్టే కాడ) మీద వేలు కాస్త సడలినా, రక్తం పడిందేమోనని వెనక్కి లాగి చూసినా, కంటికి ఆననంత రక్తం సూదిలోకి వస్తుంది. అసలు చిక్కు సూదిని ఊడదీసేటప్పుడు వస్తుంది. బిగువుగా ఉన్న హబ్‌ను (సూది అడుగున ఉండే ప్లాస్టిక్ భాగాన్ని) మూతి మీంచి లాగుతుంటే క్షణం పాటు లోపల పీడనం తగ్గి, సూదిలో మిగిలింది మూతిలోకి లాక్కుపోతుంది. అంటే సూది మార్చే పనే సిరంజిని పాడు చేస్తోంది.

నమ్మకం కుదరకపోతే ఒక కొత్త 2 మి.లీ. సిరంజి తీసుకుని రంగు కలిపిన నీళ్లు పీల్చండి, ప్లంజర్‌ను అడుగంటా నెట్టేయండి. ఇప్పుడు వెలుతురుకు పట్టి చూస్తే మూతిలోనూ సూది హబ్‌లోనూ రంగు నిలిచే ఉంటుంది. విడిగా బిగించే సూది ఉన్న సిరంజిలో ఇలా సుమారు 0.05 నుంచి 0.1 మి.లీ. వరకు మిగిలిపోతుంది. కాలేయానికి సోకే హెపటైటిస్-బి ఉన్నవాళ్ల రక్తం ఒక్క మిల్లీలీటరులో కోట్ల కొద్దీ వైరస్ కణాలు ఉండొచ్చు. కాబట్టి ఆ తడిలో పిసరంత రక్తం కలిసినా సరిపోతుంది. ఆ వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా 7 రోజులు బతుకుతుంది. హెపటైటిస్-సి వైరస్ సిరంజిలో మిగిలిన రక్తంలో 63 రోజుల తరువాత కూడా బతికి ఉన్నట్టు ప్రయోగశాలలో తేలింది.

సెలైన్ గొట్టంలోకి మందు వేసేటప్పుడు కూడా ఇదే లెక్క. ‘ఒంటికి సూది తగల్లేదు, గొట్టంలోకే వేశాం’ అని అదే సిరంజితో పక్క మంచం మీది వ్యక్తికి వేయడం తప్పే. గొట్టంలో రక్తం ఎర్రగా కనిపించనంత మాత్రాన లేదని కాదు.

మీరు చూసుకోవాల్సింది సూదిని ఒక్కదాన్నే కాదు. ప్యాకెట్ మీ ఎదురుగా చించాలి. చించక ముందు దాని మీద గడువు తేదీ చూడాలి. ప్యాకెట్‌కు చిల్లు గానీ తడి మరక గానీ ఉంటే వద్దనాలి. ‘నా ముందు విప్పండి’ అని అడగడానికి మొహమాటపడే వాళ్లే ఎక్కువ. పని తెలిసిన నర్సు ఎవరూ దానికి నొచ్చుకోరు.

ప్రశ్న: సిరంజి, సూది రెండూ కొత్తవే. కానీ మందు తీసింది అందరికీ వాడే పెద్ద సీసాలోంచి. రబ్బరు మూతకు ఒక సూది గుచ్చే ఉంది, దానికే ఒక్కో సిరంజీ తగిలించి తీస్తున్నారు. ఇది సరైనదేనా?

జవాబు: కాదు. రబ్బరు మూత పని, సూది బయటికి రాగానే చిల్లును మూసేయడం. సూదిని అందులోనే వదిలేస్తే అది తలుపు తీసి పెట్టినట్టే. గాలిలో దుమ్మూ, తీసేవాళ్ల వేళ్ల మీది క్రిములూ నేరుగా మందులోకి దారి చూసుకుంటాయి. అంతకంటే పెద్ద ప్రమాదం, ఎవరైనా ‘ఇంకొంచెం కావాలి’ అని వాడిన సిరంజితో మళ్లీ అదే సీసాలోకి వెళ్లడం. అప్పుడు చెడేది ఆ ఒక్క డోసు కాదు, ఆ సీసాలో మిగిలిన డోసులన్నీ.

సీసాలో నిల్వ ఉంచే రసాయనం కలిపి ఉంటుంది కదా అంటారు. అది బ్యాక్టీరియా పెరగకుండా చూడటానికి పెట్టింది, దానికీ కొంత వ్యవధి పడుతుంది. వైరస్‌ల మీద అది పనిచేయదు.

పద్ధతి ఇది: వీలున్నంత వరకు ఒకరికి సరిపడే వయల్ (చిన్న మందు సీసా) వాడాలి. పెద్ద సీసా తప్పనప్పుడు ప్రతిసారీ రబ్బరు మూతను 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, కొత్త సిరంజికి కొత్త సూదితోనే గుచ్చాలి. తెరిచిన తేదీ, సమయం సీసా మీదే రాయాలి. తయారీదారు వేరే గడువు చెప్పకపోతే 28 రోజులకు పారేయాలి. రోగి మంచం పక్కన కాకుండా శుభ్రమైన బల్ల మీద మందు సిద్ధం చేసుకోవాలి. పొడిని ద్రావణంతో కలిపే బీసీజీ, తట్టు టీకాల్లాంటి వాటికి 28 రోజుల లెక్క వర్తించదు. వాటిలో నిల్వ రసాయనం ఉండదు, కలిపిన 6 గంటలకో, ఆ పూట టీకాల పని ముగిశాకో, ఏది ముందైతే అప్పుడు పారేయాలి. సాయంత్రం మిగిలిన తట్టు టీకాను మర్నాడు వాడితే అందులో పెరిగిన బ్యాక్టీరియా విషంతో పసిపిల్లల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

ప్రశ్న: మా చిన్నప్పుడు గాజు సిరంజిని స్టవ్ మీద మరగబెట్టి అందరికీ వాడేవారు. అప్పుడు లేని రోగాలు ఇప్పుడెందుకు? ప్లాస్టిక్ సిరంజిని కూడా మరగబెట్టుకోవచ్చు కదా?

జవాబు: అప్పుడు రోగాలు లేకపోవడం కాదు, ఎక్కడి నుంచి వచ్చాయో తెలియకపోవడం. కామెర్లు ఇంజెక్షన్ వేసిన వారం తిరక్కుండా రావు, నెలలు పడుతుంది. హెపటైటిస్-సి అయితే కాలేయం గట్టిపడేదాకా ఏళ్ల తరబడి బయటపడదు. ఈజిప్టులో 1950ల నుంచి 1980ల మొదటి వరకు బిల్‌హార్జియా అనే పరాన్నజీవి వ్యాధికి వరసగా ఇంజెక్షన్లు వేశారు, చాలాచోట్ల గాజు సిరంజీలు సరిగా శుద్ధి కాకుండానే చేతులు మారాయి. బిల్‌హార్జియా తగ్గింది గానీ, చాలా ఏళ్ల పాటు ప్రపంచంలోకెల్లా ఎక్కువగా హెపటైటిస్-సి ఉన్న దేశాల్లో ఒకటిగా ఈజిప్టు ఉండిపోయింది. 1976లో అప్పటి జైర్ (నేటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం)లోని యంబుకు ఆసుపత్రి సంగతి ఇంకా ఘోరం. పొద్దున్నే నర్సులకు 5 సిరంజీలు, 5 సూదులు ఇచ్చేవారు. రోజంతా వాటితోనే గడవాలి. ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య జరిగేది గోరువెచ్చటి నీళ్లలో ఒక ముంచు. అప్పుడే ఎబోలా మొదటిసారి బయటపడింది: 318 మందికి సోకితే 280 మంది చనిపోయారు.

శ్రద్ధగా చేస్తే మరగబెట్టడం పూర్తిగా వృథా కాదు. విప్పిన భాగాలు నీళ్లలో మునిగి, నీళ్లు తెర్లడం మొదలైన క్షణం నుంచి 20 నిమిషాలు మరగాలి. దాంతో చాలా క్రిములు చస్తాయి, కానీ ధనుర్వాతం లాంటివి తెచ్చే బ్యాక్టీరియా బీజాలు చావవు. వాటికి ఆవిరి పీడనం కావాలి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 నుంచి 20 నిమిషాలు. పని చెడేది సాధారణంగా ఇలాంటి చోట్ల: గిన్నె పొయ్యి మీద పెట్టినప్పటి నుంచే నిమిషాలు లెక్కపెట్టడం, మధ్యలో ఇంకో సిరంజి పడేసి గడియారం మార్చకపోవడం, చివరికి వేళ్లతో తీయడం. సూది బోలులో రక్తం ఎండిపోతే వేడి లోపలికి తగలక క్రిములు దాక్కుంటాయి. అందుకే పాత సూదులతోపాటు సన్నటి తీగ ఒకటి ఇచ్చేవారు, ముందు దాంతో బోలు తుడిచి ఆ తరువాతే మరగబెట్టాలి. రద్దీలో ఆ తీగను ఎందరు వాడి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఇక ప్లాస్టిక్ సంగతి. దాని గొట్టం పాలీప్రొపిలీన్. మరిగే నీళ్లలో కరగదు గానీ మెత్తబడి గుండ్రం తప్పుతుంది. ప్లంజర్ చివరి రబ్బరుకు పూసిన సిలికాన్ నూనె కడుక్కుపోతుంది. దాంతో ప్లంజర్ పట్టేస్తుంది, లేదా పక్కల నుంచి మందు కారుతుంది. అంకెలు చెరిగిపోతాయి. కర్మాగారంలో వీటిని వేడితో కాకుండా ఎథిలీన్ ఆక్సైడ్ వాయువుతో గానీ గామా కిరణాలతో గానీ శుద్ధి చేస్తారు. ఇంట్లో దానికి సమానమైన పని లేదు.

ప్రశ్న: సిరంజిని కనిపెట్టింది ఎవరు? ఒక పుస్తకంలో ప్రవాజ్ అనీ, ఇంకో దాంట్లో ఉడ్ అనీ ఉంది.

జవాబు: రెండు పుస్తకాలూ కొంత నిజమే చెబుతున్నాయి. ‘సిరంజి’ మాట గ్రీకు ‘సిరింక్స్’ నుంచి వచ్చింది, అంటే గొట్టం, పిల్లనగ్రోవి. ద్రవాన్ని చిమ్మే గొట్టాలు ప్రాచీనమైనవే. ఆయుర్వేదంలో ‘వస్తి’ అన్న చికిత్సకు ఆ పేరు రావడానికి కారణం పశువు మూత్రాశయం తిత్తికి గొట్టం కట్టి వాడటమే. తమాషా ఏమిటంటే, 1656లో ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ రెన్ కుక్క సిరలోకి నల్లమందు కలిపిన మద్యం ఎక్కించినప్పుడు వాడింది కూడా ఈక కాడ, దానికి కట్టిన తిత్తి. లండన్ సెయింట్ పాల్ చర్చి కట్టిన వాస్తుశిల్పి ఆ రెన్‌యే.

చర్మాన్ని గుచ్చే బోలు సూది రావడానికి ఇంకో రెండు వందల ఏళ్లు పట్టింది. 1844లో డబ్లిన్ మీత్ ఆసుపత్రిలో ఫ్రాన్సిస్ రిండ్ ముఖం నొప్పితో బాధపడుతున్న ఒకామెకు క్రియోసోట్‌లో కరిగించిన మార్ఫిన్‌ను చర్మం కిందికి పంపారు. ఆ పరికరానికి ప్లంజర్ లేదు. మందు తన బరువుతోనే కిందికి జారేది. 1853లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో చార్ల్స్ ప్రవాజ్ వెండి సిరంజి చేయించారు. దాని ప్లంజర్‌ను నెట్టరు, స్క్రూలా తిప్పుతారు. ఎన్ని తిప్పులో లెక్కపెట్టుకుంటే ఎన్ని చుక్కలు వెళ్లాయో తెలిసేది. ఆయన ఉద్దేశం నొప్పి తగ్గించడం కాదు. ఉబ్బిన ధమనిలో రక్తం గడ్డకట్టించాలని ఫెర్రిక్ క్లోరైడ్‌ను జంతువుల మీద ప్రయోగించారు. అదే ఏడాది ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ ఉడ్ గాజు సిరంజితో మార్ఫిన్ ఇచ్చి 1855లో ప్రకటించారు. కాబట్టి బోలు సూది రిండ్‌ది, కొలత ప్రవాజ్‌ది, వైద్యంలో వాడకం ఉడ్‌ది అని పంచితే ఎవరికీ అన్యాయం జరగదు.

ఉడ్ ఒక చోట పొరబడ్డారు. నొప్పి ఉన్న చోటే గుచ్చాలి, మందు అక్కడే పనిచేస్తుంది అనుకున్నారు. ఎక్కడ గుచ్చినా ఒళ్లంతా పాకుతుందని లండన్ వైద్యుడు చార్ల్స్ హంటర్ చూపించారు. ‘హైపోడెర్మిక్’ (చర్మం కింది) అన్న పేరు పెట్టింది కూడా ఆయనే. ఉడ్ భార్య ఇదే సిరంజితో మార్ఫిన్ ఎక్కువై చనిపోయిందని ఒక కథ ఇప్పటికీ తిరుగుతోంది. అది అబద్ధం, 1884లో ఉడ్ పోయాక కూడా ఆమె బతికే ఉన్నారు.

ఆ తరువాతి మలుపు లూయర్ పేరు మీద వచ్చిన పూర్తి గాజు సిరంజి. పారిస్‌లో పుట్టిన దాని హక్కులను 1898లో అమెరికా సంస్థ బెక్టన్ డికిన్సన్ కొనుక్కుంది. అరగదీసిన గాజులో అరగదీసిన గాజు జారాలి గనుక ఏ గొట్టానికి ఏ ప్లంజరో నంబరు వేసి జత చేసేవారు. ఒకటి పగిలితే రెండోది దండగే. సూదిని తగిలించే ఆ ఏటవాలు మూతి నేటికీ అదే, 100 మి.మీ. పొడవుకు 6 మి.మీ. వ్యాసం తగ్గే వాలు. ఒక సంస్థ సూది ఇంకో సంస్థ సిరంజికి పట్టడం దాని చలవే. 1954లో సాల్క్ పోలియో టీకాను పెద్ద ఎత్తున పరీక్షించినప్పుడు పారేసే గాజు సిరంజీలు, 1956లో న్యూజిలాండ్‌కు చెందిన కొలిన్ మర్డాక్ ప్లాస్టిక్ సిరంజి వచ్చాయి.

ప్రశ్న: నర్సింగ్ విద్యార్థినిని. టీకాల సిరంజిలో, మాకు నేర్పినట్టే ముందు గాలి నింపి వయల్‌లోకి నెట్టాను. తరువాత ప్లంజర్ వెనక్కి రాలేదు. సిరంజి చెడ్డదా, నా తప్పా?

జవాబు: సిరంజి బాగానే ఉంది, తన పని తాను చేసింది. అది ఆటో డిసేబుల్ రకం, వాడుకలో ఏడీ సిరంజి అంటారు. లోపల ఒక చిన్న లోహపు క్లిప్పో, ప్లాస్టిక్ పంటి కొక్కెమో ఉంటుంది. ప్లంజర్ ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి, అంతే. ముందుకి నెట్టాక క్లిప్పు గొట్టం గోడలో పళ్లు దింపి నిలుస్తుంది. బలవంతంగా లాగితే ప్లంజర్ విరుగుతుంది తప్ప రాదు. మీరు గాలిని నెట్టడంతోనే ఆ ‘ఒకసారి’ అయిపోయింది.

దీనికి పద్ధతి వేరు. గాలి తీసుకోవద్దు. సూదిని వయల్ మూతలో గుచ్చి, తలకిందులు చేసి, సూది మొన మందులో మునిగి ఉండేలా చూసి, ప్లంజర్‌ను 0.5 మి.లీ. గీత కంటే కాస్త కిందికి, ఒకే ఊపులో లాగండి. సూదిని వయల్‌లోనే ఉంచి, నిటారుగా పట్టుకుని గొట్టాన్ని గోటితో కొట్టి బుడగలు పైకి చేర్చండి. ఇప్పుడు మెల్లగా గీత దగ్గరికి నెట్టి ఆపండి. ఎక్కువ రకాల్లో గీత దాటితే తిరుగు లేదు, ఆ సిరంజి పక్కన పెట్టి ఇంకోటి తీయాల్సిందే. సూది మొన మందు పైకి వచ్చిందంటే గాలి లాగుతుంది. అలా పోయే సిరంజీలే ఎక్కువ.

ఇంత కఠినంగా ఎందుకు చేశారంటే, పారేయమని చెప్పిన ప్లాస్టిక్ సిరంజీలను కూడా జనం కడిగి వాడారు. 2000 సంవత్సరంలో ఒక్క ఏడాదిలో కలుషిత ఇంజెక్షన్ల వల్ల ప్రపంచంలో 2.1 కోట్ల హెపటైటిస్-బి, 20 లక్షల హెపటైటిస్-సి, 2.6 లక్షల హెచ్‌ఐవీ సోకుళ్లు వచ్చాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. టీకాలకు 2003 చివరికల్లా ఏడీ సిరంజీలే వాడాలని ఆ సంస్థ, యునిసెఫ్ కలిసి 1999లో ప్రకటించాయి. 2010 నాటికి ఆ అంచనాలు గరిష్ఠంగా 17 లక్షలు, 3.15 లక్షలు, 33,800కు దిగాయి. చికిత్స ఇంజెక్షన్లకు కూడా తిరిగి వాడలేని సిరంజీలకే మారమని 2015లో చెప్పారు. వాటిలో చాలా రకాలకు ప్లంజర్ చివర్న విరగ్గొట్టే మెడ ఉంటుంది. అది మనిషి చేత్తో విరగ్గొట్టాల్సినదైతే మాత్రం మళ్లీ మనిషి మనసు మీదే ఆధారపడుతుంది, అందుకే టీకా సిరంజిలాగా తనంతట తానే పట్టేసే రకం మేలు.

ప్రశ్న: సూదుల హబ్‌లకు రంగులెందుకు? నంబరు పెరిగితే సూది లావా, సన్నమా?

జవాబు: సన్నం. గేజ్ లెక్క తీగల పరిశ్రమ నుంచి వచ్చింది, నంబరు పెరిగే కొద్దీ మందం తగ్గుతుంది. రంగులు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం: 18 గేజ్ గులాబీ, 1.2 మి.మీ.; 21 ఆకుపచ్చ, 0.8; 22 నలుపు, 0.7; 23 నీలం, 0.6; 25 నారింజ, 0.5; 26 గోధుమ రంగు, 0.45. సీసాలోంచి చిక్కటి మందు తీయడానికి లావు సూది, కండరంలోకి 22 నుంచి 25 మధ్యవి, చర్మం పొరల్లోకి 26 లేదా అంతకంటే సన్నం. నూనెలో కలిపిన మందును సన్న సూదితో నెడితే బలం ఎక్కువ పెట్టాలి, అప్పుడు సూది హబ్ నుంచి ఊడి మందు మొహాన చిమ్ముతుంది. అలాంటి వాటికి స్క్రూలా బిగించే మూతి ఉన్న సిరంజి వాడండి.

ప్రశ్న: ఇంట్లో ఇన్సులిన్ నేనే వేసుకుంటాను. ఒక సూదిని వారం వాడితే ఏం? వాడేది నేనొక్కడినే కదా. మా తమ్ముడికీ ఇదే ఇన్సులిన్, పెన్ను (పెన్నులా ఉండే ఇన్సులిన్ ఇంజెక్షన్ పరికరం) ఒకటే ఉంటే సూది మార్చుకుని ఇద్దరం వాడొచ్చా?

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు: ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఇది మొదటి ఉత్తరంలోని సంగతే, రూపం మారింది. పెన్ను లోపల మందు ఉండే కార్ట్రిడ్జ్‌లోకి ఇంజెక్షన్ తరువాత రక్తకణాలు వెనక్కి వెళ్తాయి. సూది మార్చినా అవి లోపలే ఉంటాయి. ఇంట్లోవాళ్లయినా సరే, ఎవరి పెన్ను వాళ్లదే.

ఇక మీ సూది. ఇన్సులిన్ పెన్ను సూది మందం చాలావరకు 0.25 మి.మీ. లేదా ఇంకా సన్నం. మూడు కోణాల్లో చెక్కిన మొన ఒక్క వాడకంతోనే వంగడం మొదలవుతుంది, పైనున్న సిలికాన్ పూత పోతుంది. అందుకే రెండో రోజు నొప్పి ఎక్కువ. పెన్నుకు సూదిని తగిలించే ఉంచితే ఇంకో ఇబ్బంది: గాలి లోపలికి వెళ్తుంది, మందు బయటికి కారుతుంది, డోసు తప్పుతుంది. వేసే ముందు 2 యూనిట్లు గాల్లోకి వదిలి చుక్క కనిపించాకే డోసు తిప్పండి. నొక్కాక 10 లెక్కపెట్టి సూది తీయండి. పెద్దవాళ్లకు, ఒళ్లు ఎంతున్నా, 4 మి.మీ. సూది చాలు, నిటారుగా గుచ్చాలి.

ఒకేచోట పొడుస్తూ ఉంటే చర్మం కింద కొవ్వు గడ్డ కడుతుంది. అక్కడ నొప్పి తక్కువ గనుక చెయ్యి మళ్లీ అక్కడికే పోతుంది. కానీ ఆ గడ్డలోంచి ఇన్సులిన్ ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ పీల్చుకుంటుంది. ప్రతి పోటుకూ కనీసం ఒక వేలి వెడల్పు జరగండి. ఇప్పటికే గడ్డ ఉంటే, మంచి చోటికి మారే ముందు డాక్టరుకు చెప్పండి. అదే డోసు మంచి చర్మంలో పూర్తిగా ఎక్కి షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు.

సీసా, సిరంజి వాడేవాళ్లకు ఇంకొక్క మాట. ఇన్సులిన్ యు-40, యు-100 (మి.లీ.కు 40, 100 యూనిట్లు) అని రెండు గాఢతల్లో దొరికే చోట సిరంజీలు కూడా రెండు. యు-40కి ఎర్ర మూత, యు-100కి నారింజ మూత. యు-100 ఇన్సులిన్‌ను యు-40 సిరంజితో గీతల ప్రకారం తీస్తే రెండున్నర రెట్లు వెళ్తుంది. అంటే 20 అనుకుని 50 యూనిట్లు. తిరగేస్తే 20 బదులు 8.

ప్రశ్న: ఇంజెక్షన్‌కు ముందు స్పిరిట్ దూదితో తుడవకపోతే చీము పడుతుందా? ఈమధ్య టీకాకు తుడవడం లేదు, వెనక్కి లాగి రక్తం చూడటమూ లేదు.

జవాబు: చర్మం శుభ్రంగా ఉంటే టీకాలకు, చర్మం కింది ఇంజెక్షన్లకు సబ్బు నీళ్లు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. కండరంలోకి వేసే చికిత్స మందులకూ, సిరలోకి వేసేవాటికీ మాత్రం 60 నుంచి 70 శాతం ఆల్కహాల్ కావాలి. మధ్య నుంచి బయటికి 30 సెకన్లు తుడిచి, 30 సెకన్లు ఆరనివ్వాలి. తడి మీదే గుచ్చితే క్రిములు చావవు, మంట అదనం. నూరు శాతం ఆల్కహాల్ ఇంకా మంచిదనుకోకండి, నీళ్లు లేనిదే అది సరిగా పనిచేయదు, పైగా ముందే ఆవిరైపోతుంది. దూదిని పొద్దున్నే స్పిరిట్ డబ్బాలో నానబెట్టి రోజంతా వేళ్లు పెట్టి తీయడం మానాలి. చీము రావడానికి ఆ డబ్బా కూడా కారణం కావొచ్చు. టీకా వేసే భుజం, తొడ భాగాల్లో పెద్ద రక్తనాళాలు లేవు, వెనక్కి లాగి చూడటం నొప్పిని పెంచడమే, కాబట్టి అక్కర్లేదు.

ప్రశ్న: మా బంధువుల అబ్బాయికి పిర్రకు ఇంజెక్షన్ వేశాక పాదం పైకి లేవడం లేదు. ‘నరం మీద పడింది’ అన్నారు. నరానికి ఇంజెక్షన్ మామూలుగా వేస్తూనే ఉంటారు కదా?

జవాబు: మన మాటలో ఒక మెలిక ఉంది. రక్తం పారే గొట్టాన్నీ నరమే అంటాం, కదలికనూ స్పర్శనూ మోసే తీగనూ నరమే అంటాం. ‘నరానికి ఇంజెక్షన్’లో నరం సిర. ఆ అబ్బాయికి దెబ్బ తగిలింది నాడికి, పిర్ర మధ్యగా తొడ వెనక్కి దిగే సయాటిక్ నాడికి. పిర్రను నాలుగు భాగాలు చేస్తే పై బయటి భాగంలోనే వేయాలని నేర్పుతారు గానీ, సన్నటి పిల్లల్లో ఆ జాగా చాలా చిన్నది. గుచ్చగానే కాలి కిందికి కరెంటులా మంట పాకిందంటే వెంటనే ఆపేయాలి.

అందుకే పసిపిల్లలకు తొడ ముందు బయటి భాగం, పెద్దలకు భుజం ఎముక అంచు నుంచి రెండు మూడు వేళ్ల కింద. భుజంలో మరీ పైన పొడిస్తే కీలు నొప్పి నెలల తరబడి వేధిస్తుంది. పిర్రలో కొవ్వు మందం ఎక్కువ గనుక హెపటైటిస్-బి, రేబిస్ టీకాలు అక్కడ వేస్తే సరిగా పట్టవు. అబ్బాయిని ఆలస్యం చేయకుండా నాడీ వైద్యుడికి చూపించండి. పాదం కిందికి వాలి బిగుసుకోకుండా స్ప్లింట్ (ఆనుగా కట్టే పట్టీ), ఫిజియోథెరపీ ఇప్పటి నుంచే మొదలవ్వాలి.

ప్రశ్న: వార్డులో వాడిన సూదికి మూత పెడుతుంటే వేలికి గుచ్చుకుంది. వేలు పిండి రక్తం తీశాను. ఇంకేం చేయాలి?

జవాబు: పిండొద్దు, బ్లీచు, స్పిరిట్ పోయొద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో కడిగి, ఆ గంటలోనే పై అధికారికి చెప్పండి. సూది ఎవరిదో తెలిస్తే వాళ్ల అనుమతితో రక్తపరీక్ష. రోగికి వైరస్ ఉంటే ఒక్క పోటుతో సోకే అవకాశం హెచ్‌ఐవీకి వెయ్యిలో 3, హెపటైటిస్-సికి నూటికి 2 లోపు, టీకా వేయించుకోని వాళ్లకు హెపటైటిస్-బి నూటికి 30 వరకు. అందరూ భయపడేది హెచ్‌ఐవీకి, ఎక్కువగా అంటేది హెపటైటిస్-బి. దానికి టీకా ఉంది, వార్డులో అడుగుపెట్టే ముందే వేయించుకోవాలి. హెచ్‌ఐవీ నివారణ మందులు కొన్ని గంటల్లోపు మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటితే లాభం ఉండదు, కోర్సు 28 రోజులు.

అసలు మూత ఎందుకు పెట్టారు? వాడిన సూదికి మూత పెట్టే అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. సూది తీయకుండా, వంచకుండా, సిరంజితో సహా చేతికి అందే దూరంలో ఉన్న సేఫ్టీ బాక్సులో వేయాలి. బాక్సు ముప్పాతిక నిండగానే మూసేయాలి. ఇంకా రెండు పడతాయని కుక్కేటప్పుడే పైకి తేలిన సూది చేతికి దిగుతుంది. మూత తప్పనిసరైన సందర్భంలో దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, ఒంటి చేత్తో సూదిని అందులోకి దూర్చండి, రెండో చెయ్యి వీపు వెనక ఉంచుకోండి.

ప్రశ్న: సిరంజిలో గాలి బుడగ ఉంటే ప్రాణం పోతుందా?

జవాబు: కండరంలోకి, చర్మం కిందికి వేసేదాంట్లో చిన్న బుడగ హాని చేయదు. సిరలోకైతే గాలిని వదిలేయాల్సిందే, అక్కడ పెద్ద మోతాదులో గాలి ప్రాణాంతకం. చిన్న బుడగతో అసలు నష్టం డోసులో. బుడగ ఉన్నచోట మందు లేదు. యు-100 ఇన్సులిన్‌లో 0.05 మి.లీ. బుడగ అంటే 5 యూనిట్లు తక్కువ. నిటారుగా పట్టి, గోటితో రెండు మూడుసార్లు కొట్టి, బుడగ మూతి దగ్గరికి చేరాక వయల్‌లోకే నెట్టి, తగ్గినంత మళ్లీ తీసుకోండి. ఏడీ సిరంజి అయితే ఆ చివరి పని కుదరదని పైన చెప్పుకున్నాం.